చేదు గోలీల వంతు

ధర్మసాగర్ నుంచి ఎనుమాముల మార్కెట్ యార్డుకు రెండు బస్సులు మారాలి. మామూలు మనిషికి గంటన్నర దారి. కట్టయ్య మాత్రం పోయిన వానాకాలం నుంచి ఆ దారిని, మధ్యలో ఎన్నిసార్లు దిగాల్సి వచ్చిందన్నదాన్ని బట్టి కొలుస్తున్నాడు. కాజీపేటలో ఒకసారి, హన్మకొండ చౌరస్తాలో ఒకసారి, వరంగల్ దాటాక మళ్లీ ఒకసారి. దిగడం, గోడ వెతుక్కోవడం, తీరా నిలబడ్డాక అది రాకపోవడం, వచ్చినా నాలుగు చుక్కలై ఆగిపోవడం, ఈలోగా బస్సు వెళ్లిపోవడం. అరవై రెండేళ్ల మనిషి రోడ్డు పక్కన గోడకు మొహం పెట్టి పావుగంట నిలబడితే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని ఫోను చెవికి పెట్టుకొని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించేవాడు. ఒకసారి అలా నటిస్తుండగా ఆ ఫోనే మోగింది. అప్పటి నుంచి దిగేముందు దాన్ని ఆపేసేవాడు.

ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందన్నారు డాక్టరు. వయసు మీదపడ్డ మగవాళ్లలో చాలామందికి పెరుగుతుందట, పెరిగి మూత్రం దారిని నొక్కుతుందట. ఆయన రాసిన గోలీలు వేసుకుంటే కట్టయ్యకు కళ్లు తిరిగాయి. మిర్చి బస్తా ఎత్తబోయి బస్తాతో సహా కూలబడ్డాడు. భార్య సోమక్క పల్లేరు కాయల కషాయం కాచి పోసింది, కొండపిండి ఆకు వండి పెట్టింది. మొగుడు ముఖం చిట్లించుకుంటూ తిన్నాడు తప్ప బస్సు దిగడం మానలేదు. ఇక ఆపరేషనే అన్నారు డాక్టరు. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు బరువు ఎత్తొద్దని కూడా అన్నారు.

కట్టయ్య గుండె జారింది ఈ రెండో మాటకే. ఆయన యార్డులో హమాలీ. పన్నెండు మంది ముఠాలో ముప్పై ఆరేళ్లుగా ఉన్నాడు. మిర్చి సీజన్‌లో ఒక మనిషి తగ్గితే ఆ జాగాలో ఇంకొకణ్ణి పెట్టుకోవాల్సిందే, పెట్టుకున్నవాణ్ణి సీజన్ కాగానే పొమ్మనడం కుదరదు. బిడ్డల పెళ్లిళ్లు అయిపోయాయి, తిండికి లోటు లేదు. కానీ ముఠా లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలో ఆయనకు తెలియదు. ఆదివారాలే గడవవు ఆయనకు. ఇక అన్ని వారాలూ ఆదివారాలైతే ఎట్లా అని నిజంగానే భయపడ్డాడు.

ముఠాలో ఆయన జోడీ అబ్దుల్ కరీం. బస్తాకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు కొక్కెం వేసి ఎత్తి మూడోవాడి వీపు మీద పెట్టాలి. ముప్పై ఆరేళ్లుగా అవతలి కొసన కరీమే ఉన్నాడు. చిత్రమేమిటంటే రోగం కూడా ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. కరీంకు ఇంకో బాధ అదనం. చుక్కలు పడ్డ బట్టతో నమాజుకు నిలబడడానికి మనసొప్పదు. అందుకని సంచిలో ఎప్పుడూ ఇంకో జత పెట్టుకొని తిరిగేవాడు.

కరీంకు ముఠాలో ఒక హోదా ఉంది. ఏటా సీజన్ ముగిశాక అందరూ కలిసి మేకను తెస్తారు. కరీం హలాల్ చేసి, కొట్టి, మోదుగాకుల మీద పోగులు పెడతాడు. కార్జం ముక్క ఒక పోగులో పడితే, ప్రతి పోగులోనూ అంతే పడాలి. పెట్టాక గోడవైపు మొహం తిప్పుకొని నిలబడతాడు. మేస్త్రి రాయమల్లు ఏదో ఒక పోగు మీద వేలు పెట్టి "ఇదెవరిది?" అని అడుగుతాడు. కరీం వెనక్కి చూడకుండా ఒక పేరు చెబుతాడు. పేరు చెప్పాక మళ్లీ మాట లేదు. ముఠాలో నానా గొడవలూ జరిగాయి గానీ, పోగుల దగ్గర మాత్రం ఎన్నడూ గొడవ జరగలేదు.

మందు సంగతి తెచ్చింది కూడా కరీమే. హన్మకొండలో ఒక పరిశోధన కేంద్రం వాళ్లు ఈ రోగానికి మొక్కల నుంచి తీసిన సారాన్ని పరీక్షిస్తున్నారనీ, ఆరు నెలలు గోలీలు వాళ్లే ఇస్తారనీ దవాఖానలో ఎవరో చెప్పారట. దసరా అయిన మరుసటి వారం ఇద్దరూ వెళ్లారు. అక్కడ సుకన్య అనే అమ్మాయి కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది.

"చూడు కాకా, సగం మందికి అసలు మందు ఇస్తం. సగం మందికి ఉత్త గోలీ. చూస్తె రెండూ ఒక్కతీరే ఉంటయి. ఏది ఎవరికో మీకు తెల్వదు, నాకు గూడ తెల్వదు. గట్లయితెనే మందు పనిజేస్తాందో లేదో ఖరారుగ తెలుస్తది."

"ఉత్తదంటే ఏముంటది బిడ్డా దాంట్ల?" అన్నాడు కట్టయ్య.

"ఏ గుణం లేని పొడి."

"మరి గది నాకస్తె?"

"రావొచ్చు కాకా. అందుకే ముందు చెప్తాన. ఇష్టమైతెనే సంతకం పెట్టుండ్రి."

నాలుగు పేజీల కాగితం ఇచ్చింది. చక్కటి తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉంది. చదువుకోమంది. ఇద్దరూ కళ్లద్దాలు తెచ్చుకోలేదని చెప్పి నాలుగో పేజీ అడుగున సంతకాలు పెట్టారు. ఆ తర్వాత కేంద్రం వాళ్లు ఒక యంత్రం మీదున్న గరాటులో మూత్రం పోయించి ధార ఎంత జోరుగా ఉందో చూశారు. కట్టయ్య ధారకు ఆ యంత్రం కాగితం మీద గీసిన గీత చిన్న గుట్టలా కూడా లేవలేదు. చెరొక సీసా పట్టుకొని బయటపడ్డారు. రోజుకు రెండు గోలీలు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

బస్టాండ్ దాకా కూడా ఆగలేకపోయారు. తప్పు వాళ్లది కాదు, వాళ్ల చేతులది. యార్డులో బస్తా వచ్చిందంటే మూతి విప్పి, ఒక కాయ తీసి విరిచి, వాసన చూసి, గింజ నాలుక మీద వేసుకోవాల్సిందే. సంచి మీద ఏం రాశారో ఎవరికి కావాలి? చాయ్ హోటల్ బల్ల మీద చెరొక క్యాప్సూల్ గోలీని విప్పి లోపలి పొడిని సాసర్లలో పోశారు. కరీం తన దాంట్లో వేలు అద్ది నాకి, "థూ" అని సగం చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. కట్టయ్యది చప్పగా, కొంచెం వేయించిన గింజల వాసనతో ఉంది. ఇద్దరూ ఒకరి సాసర్ ఇంకొకరు రుచి చూశారు. ఇక అనుమానం ఏముంది? చేదుది మందు, చప్పటిది పిండి.

కట్టయ్య సాసర్ వంక చూస్తూ కూర్చున్నాడు. "నా నసీబ్‌ల గిదే ఉన్నది తియ్యి," అన్నాడు.

"అరే, ఫికర్ ఎందుకు? పోగులు పెట్టుకుందాం," అన్నాడు కరీం. "రెండు సీసలు నా దగ్గరుంచు. పొద్దుగాల్ల ఒకటి నా సీసలది, రాత్రికి ఒకటి నీ సీసలది. నేను గంతే, నువ్వు గంతే. సగం మందన్న ఇద్దరికి పడ్తది."

మందు పరీక్ష అంటే ఏమిటో తెలిసినవాడు ఈ మాట వింటే తల పట్టుకుంటాడు. వీళ్లకు మాత్రం ఇందులో తప్పేమీ కనపడలేదు. ముప్పై ఆరేళ్లలో దొరికినదేదీ పంచుకోకుండా తిన్నవాళ్లు కాదు. ఒకరికి మందూ ఒకరికి పిండీ ఇవ్వడమే వాళ్లకు అన్యాయంగా తోచింది. ప్రతి సోమవారం కరీం ఒక కాగితం పొట్లం తెచ్చి ఇచ్చేవాడు. అందులో పద్నాలుగు గోలీలు ఉండేవి.

మూడు వారాలు గడిచేసరికి కట్టయ్య హన్మకొండలో దిగడం మానేశాడు. కార్తీకం పోయేనాటికి కాజీపేటలో కూడా దిగలేదు. సంక్రాంతి దాటాక ఒకరోజు ఇంటి దగ్గర ఎక్కినవాడు యార్డు దాకా ఆగకుండా వచ్చి, గేటు దగ్గర నిలబడి కరీంను గట్టిగా వాటేసుకున్నాడు. చూసినవాళ్లు ఈయనకు మనవడు పుట్టాడేమో అనుకున్నారు. రెండు పూటలా చేదు తేన్పులు వచ్చేవి. ఆ తేన్పు వస్తే చాలు, మందు లోపల పని చేస్తోందని సంతోషంగా ఛాతీ రుద్దుకునేవాడు. సగం గోలీలు చప్పటివైతే రెండు పూటలా చేదు ఎందుకొస్తుందని ఒక్కసారైనా అనుకోలేదు. అనుకొని ఉంటే బాగుండేది.

"మరి నీకు?" అని అడిగితే, "నాకు గూడ మంచిగనే ఉన్నది" అనేవాడు కరీం.

ఫిబ్రవరిలో యార్డు ఎర్రబడింది. ఎటు చూసినా మిర్చి బస్తాలు, ఎవరిని చూసినా తుమ్ములు. ఒకరోజు పది గంటలప్పుడు కట్టయ్య కొక్కెం వేసి, అవతలి కొస లేవకపోయేసరికి తలెత్తి చూశాడు. కరీం బస్తా మీద చతికిలబడి, పొత్తికడుపు రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది.

"నిన్న మాపటి సంది ఒక్క చుక్క రాలే కట్టయ్యా," అన్నాడు పళ్లు బిగబట్టి.

ఆటోలో పెద్దదవాఖానకు తీసుకుపోయారు. గొట్టం వేస్తే లీటరుకు పైగా వచ్చింది. గ్రంథి బాగా పెరిగిపోయింది, ఆపరేషన్ తప్పదు అన్నారు అక్కడి డాక్టరు. వాడే మందులేమిటని అడిగితే కట్టయ్య పరిశోధన కేంద్రం పేరు చెప్పాడు. డాక్టరు అక్కడికి ఫోను చేశారు.

కరీం భార్య ఇమాంబీ ఆటో దిగి పరుగెత్తుకొచ్చింది. చేతిసంచిలో రెండు సీసాలూ ఉన్నాయి. మొగుడు నిమ్మళంగా పడుకున్నాడని చూసుకున్నాక వరండాలోకి వచ్చి, కట్టయ్య ముందు నిలబడి ఒక్కసారిగా ఏడ్చింది.

"నేను చెప్పిన అన్నా. ఒద్దని మొత్తుకున్న. ఇంటడా? చేదు సీసలయి అన్ని నీ పొట్లంలనే వెయ్యాలె అనేటోడు. తనకు చప్పటియి. ఎందుకు జీ అంటే, కట్టయ్యకు ముఠా లేకుంటే మనిషి ఉండడు, నాకు ఏంది, నమాజు ఇంట్ల చేసుకుంట అనేటోడు."

పోగుల దగ్గరైతే మొహం తిప్పుకొని పేరు చెప్పే పద్ధతి ఉంది. గోలీల దగ్గర పోగు పెట్టిందీ, పేరు చెప్పిందీ ఒక్కడే. ఎంత మోసం చేశాడు అనుకున్నాడు కట్టయ్య. కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది.

ఇంకో అరగంటకు సుకన్య వచ్చింది. ఆదరాబాదరాగా వచ్చినట్టుంది, మెడలో కేంద్రం కార్డు తిరగబడి వేలాడుతోంది.

"కరీం కాకకు ఏ గోలీ పడ్డదో మా సార్ సీల్ తీసి చూస్తాండు. అసలు మందు తినంగ గిట్లయిందంటే మిగిలినోళ్లకు గూడ ఆపి చూడాలె. డెబ్బై మంది ఉన్నరు. రోజు సక్కగ వేసుకునేటోడు గద కాకా?" అని కాగితం, పెన్ను తీసింది.

కట్టయ్య చూపు ఇమాంబీ చేతిసంచి మీదికి పోయింది. చెబితే తనను పరీక్షలోంచి తీసేస్తారు. సీసాలు తీసేసుకుంటారు. సీజన్ ఇప్పుడే మొదలైంది. ఆ సంచిలో మిగిలిన చేదు గోలీలు ఇంకొన్నాళ్లు దొరికితే చాలు, జాగా నిలబడుతుంది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇమాంబీ చెప్పదు. చాయ్ తాగొస్తానని బయటికి పోయి, తాగకుండానే హోటల్ ముందు నిలబడ్డాడు. డెబ్బై మంది అనే మాట చెవిలోంచి పోలేదు. వాళ్లంతా కూడా ఎక్కడో గోడల ముందు ఫోన్లు పట్టుకొని నిలబడేవాళ్లే కదా. పిండి తిని పడిపోయినవాడి వల్ల వాళ్ల మందు ఆగిపోతే ఆ పాపం ఎవరిది? వెనక్కి వచ్చి సుకన్యకు అంతా చెప్పేశాడు. చాయ్ హోటల్ సాసర్ల నుంచి మొదలుపెట్టాడు.

సుకన్య వింటూ వింటూ పెన్ను కిందపెట్టింది.

"కాకా! నాలుగు నెల్ల సంది నెలనెల అడిగిన గద మిమ్ముల! ఇద్దరు తలకాయలూపిన్రు! ఎవరి మందు వాళ్లే తినాలె అని ఎన్నిసార్లు చెప్పిన?"

"తప్పయింది బిడ్డా."

"తప్పు గాదు, గోల్‌మాల్," అని విసురుగా లేచి ఫోను పట్టుకొని అటు వెళ్లింది. పది నిమిషాలకు తిరిగొచ్చింది. కోపం కొంత దిగినట్టుంది గానీ, ముఖం ఇంకోలా ఉంది. బెంచీ మీద ఆయన పక్కనే కూర్చుంది.

"నువ్వు చెప్పుడు మంచిగైంది కాకా. లేకుంటే మేం ఉల్టా రాసుకునేటోళ్లం. కరీం కాక సీసలున్నది ఉత్త గోలీ. నీ సీసలుండె అసలు మందు."

"కాదు బిడ్డా. చేదుది..."

"మందు గుమ్మడి గింజల సారం. కాగితంల రెండో పేజీల రాసే ఉన్నది. గుమ్మడి గింజ చేదెందుకుంటది? ఉత్త గోలీ అని ఎవరికి అనుమానం రావొద్దని దాంట్లనే జర చేదు కలిపిన్రు. రెండు ఒక్కతీరు రుచి ఉండేటట్టు చెయ్యకపోవుడు మా తప్పే అంటాండు సార్. విప్పి నాకుతరని ఆయన అనుకోలే."

"అంటే కరీం తిన్నది..."

"అసలు మందే. నాలుగు నెల్లు. గ్రంథి అంత పెరిగినంక గోలీ ఆపకపోవచ్చు అంటాండు ఇక్కడి డాక్టర్ సాబ్. మందుతోనే అయిందో కాదో గది గూడ చూస్తరు."

"మరి నాకు మంచిగైంది గద బిడ్డా? మూడుసార్లు దిగేటోన్ని, ఒక్కసారి గూడ..."

సుకన్య రెండు సీసాలూ సంచిలో వేసుకొని, పోతూ పోతూ ఆయన భుజం తట్టింది.

ఆ సాయంత్రం కట్టయ్య ఇంటికి పోయే బస్సులో కూర్చున్నాడు. హన్మకొండ చౌరస్తాలో దిగాడు. కాజీపేటలో దిగాడు. ధర్మసాగర్ ఇంకో రెండు కిలోమీటర్లుందనగా మళ్లీ దిగాడు. పొద్దున వేసుకున్న గోలీ ఇంకా కడుపులోనే ఉండాలి, తేన్పు కూడా వచ్చింది. ఆ తేన్పుకు ఇప్పుడు ఏ విలువా లేదు. నాలుగు నెలలు దేన్ని చూసుకొని ధైర్యంగా ఉన్నాడో తలుచుకుంటే ఆయనకు సిగ్గేసింది.

కరీం ఆపరేషన్ అయిన మూడో రోజు కట్టయ్య వెళ్లి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"బస్సు దిగుతానవా?" అన్నాడు కరీం. అదే మొదటి మాట.

అబద్ధం చెబుదామనే వచ్చాడు కట్టయ్య. కళ్లలోకి చూశాక రాలేదు. అంతా చెప్పాడు. నవ్వుతాడనుకున్నాడు. తాను కూడా నవ్వడానికి సిద్ధపడ్డాడు. కరీం నవ్వలేదు. పైకప్పు వంక చూస్తూ ఉండిపోయాడు, కంటి కొసల్లోంచి నీళ్లు చెవుల మీదికి జారాయి.

"అంటే నీ వంతు మందు నేను తిన్న," అన్నాడు. "ముప్పై ఆరేండ్లల ఒక్కని పోగుల కెల్లి ఒక్క ముక్క తియ్యలే. నీది మొత్తం తిన్న."

"నువ్వు పిండి అనుకొని తిన్నవ్. మందు అనుకొని నాకిచ్చినవ్. ఇందుల తినుడేడున్నది?"

"తిన్నది తిన్నదే కట్టయ్యా."

కట్టయ్య లేచి, అదే దవాఖానలో పై అంతస్తుకు పోయి డాక్టరును కలిశాడు. తనకూ ఆపరేషన్ తేదీ వేయమన్నాడు. ఆ వారంలోనే ముఠాలో ఇద్దరు కొత్తవాళ్లు చేరారు. రాయమల్లు స్వయంగా వచ్చి చెప్పి, తప్పు తనదే అయినట్టు తలవంచుకొని వెళ్లాడు.

ఏప్రిల్ ఆఖరుకు సీజన్ ముగిసింది. మేకను తెచ్చారు. పోగులు పెట్టడానికి కరీంకు కబురు పంపారు, ఇంకొకరు పెడితే ముఠా ఒప్పుకోదు. కట్టయ్య కూడా తోడు వచ్చాడు. ఆపరేషన్ మంచిగానే అయింది, దారిలో ఒక్కసారి కూడా దిగలేదు, ఈసారి ఏ గోలీ లేకుండానే. కత్తి పట్టకముందే రాయమల్లు కరీంను పక్కకు పిలిచాడు. పక్కకే గానీ, ఆయన గొంతు తగ్గించడం ఎరగడు.

"మోసే పని ఇగ మీతోని గాదు. సంచుల మూతులు కుట్టే పని ఒక్కటున్నది. ఇద్దర్ల ఒక్కరికే జాగ. నేనెట్ల చెప్పాలె కాకా? నువ్వే చెప్పు. పన్నెండు పోగులు ముఠాకు. పదమూడోది ఎవరి పేరు మీద పెడ్తవో, వచ్చే సీజన్ కెల్లి ఆయన మనోడు."

కట్టయ్య ఆ మాట విన్నాడు. విననట్టు మోదుగాకులు కడుగుతూ కూర్చున్నాడు.

కరీం పదమూడు పోగులు పెట్టాడు. చేతులు కడుక్కొని గోడవైపు తిరిగాడు. రాయమల్లు వేలు పెట్టి అడుగుతుంటే ఒక్కో పేరే చెప్పాడు. కొత్తగా చేరిన ఇద్దరి పేర్లు కూడా తడుముకోకుండా చెప్పాడు. చివరికి ఒక్కటి మిగిలింది.

"ఇదెవరిది?"

"కట్టయ్యది."

కరీం ఇటు తిరగబోయాడు.

"ఆగు. అట్లనే నిలబడు," అన్నాడు కట్టయ్య.

లేచి వచ్చి తన పోగు ముందు గొంతుకూర్చున్నాడు. ఇంకో ఆకు పరిచాడు. ఆయన చేతులకు ఆ పని అలవాటు లేదు. ఒక ముక్క ఇటు వేసి, మళ్లీ తీసి అటు వేసి, కార్జం ముక్కను కత్తితో సగానికి కోసి, రెండు పోగులు చేశాడు. అందరూ చూస్తున్నారు.

"ఒక వారం నువ్వు కుట్టు, ఒక వారం నేను కుడ్త. రాయమల్లూ, ఏమంటవ్?"

"నాదేమున్నది కాకా, జాగ ఒక్కటే. ఎవరు కూసుంటే ఏంది," అన్నాడు రాయమల్లు.

"కరీం బాయ్, ఈపారి పోగు పెట్టింది నేను. పేరు చెప్పేది నువ్వు. ఇటు చూడకు." ఒక ఆకు మీద వేలు పెట్టాడు కట్టయ్య. "ఇదెవరిది?"

"కట్టయ్యది," అన్నాడు కరీం.

కట్టయ్య రెండో ఆకు మీద వేలు పెట్టాడు. "మరి ఇదెవరిది?"

కరీం భుజాలు ఒకసారి ఎగసి పడ్డాయి. ఇన్నేళ్లలో గోడవైపు తిరిగి ఎందరి పేర్లో చెప్పిన మనిషి ఈ ఒక్క పేరు దగ్గర తడుముకున్నాడు.

"కరీంది," అన్నాడు చివరికి.

కట్టయ్య ఆ పోగును ఆకులో చుట్టి, దారం కట్టి, అతని చేతిలో పెట్టాడు.